ఇంటర్వ్యూలకి రికార్డర్, మైకు కొంటున్నారా? ముందు ఎక్కడ కూర్చుంటారో తేల్చుకోండి

ఏ రికార్డర్ కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు? పొందూరులో నూలు వడికే అవ్వ ఇంట్లోనా, ఉద్దానం జీడితోటలోనా, కళింగపట్నం ఒడ్డున వలలు బాగుచేసుకునే చోటా, లేదంటే ఈమధ్యే కట్టిన స్లాబు ఇంట్లో టైల్స్ పరిచిన హాల్లోనా? ఈ నాలుగు చోట్లకీ ఒకటే మైకు సరిపోదు. యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పేవాళ్ళు తలుపులేసుకుని, గోడలకి ఫోమ్ అంటించిన గదిలో కూర్చుంటారు, అక్కడ ఏ మైకైనా బాగానే పలుకుతుంది. మన దగ్గర నెత్తిమీద ఫ్యాను, పక్కింట్లో మిక్సీ, వీధిలో కూరగాయల బండివాడి స్పీకరు, పెరట్లో కోళ్ళు, వీటన్నిటి మధ్యా ఒక పెద్దాయన నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడతాడు. అంచేత ముందు చోటు, తర్వాత మైకు, ఆఖరికి రికార్డర్. డబ్బు కూడా ఆ వరసలోనే ఖర్చుపెట్టండి.

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో పెద్దవాళ్ళ మాటలు, పాటలు, పనివాళ్ళ అనుభవాలు రికార్డు చేద్దామనుకునే స్టూడెంట్స్, విలేకరులు, సొంత తాతల కథలు దాచుకుందామనుకునేవాళ్ళు, వీళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. స్టూడియో పాడ్‌కాస్టుల సంగతి వేరు.

ముందు దూరం గురించి

మైకు ధర కన్నా ముఖ్యమైనది నోటికీ మైకుకీ మధ్య దూరం. దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ గదిలో ఉన్న ఫ్యాను చప్పుడు మాత్రం తగ్గదు, అది ఎక్కడ పెట్టినా ఒకేలా ఉంటుంది. అలా రెండు మూడు సార్లు రెట్టింపు చేసేసరికి ఫ్యానుదే పైచేయి. చుబుకానికి జానెడు కింద తగిలించిన వెయ్యి రూపాయల మైకు, గది మధ్యలో టీపాయ్ మీద పెట్టిన పాతికవేల రికార్డర్ని తేలిగ్గా ఓడిస్తుంది. నమ్మకం లేకపోతే మీ ఫోన్లోనే పరీక్ష చేసుకోండి: ఫ్యాను వేసి, ఒకసారి నోటికి జానెడు దూరంలో, ఒకసారి నాలుగడుగుల దూరంలో పెట్టి అదే వాక్యం చదవండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నేను ఇంకేం చెప్పనక్కర్లేదు.

ఫోను చాలదా?

చాలా పనులకి చాలుతుంది. మీరు రాసుకోవడానికి మాత్రమే అయితే, అంటే పేపర్లో వ్యాసానికో, ప్రాజెక్టు రిపోర్టుకో అయితే, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఒక కాలర్ మైకు, అంటే బట్టకి క్లిప్పుతో తగిలించే బుల్లి మైకు, తీసుకుని ఫోనుకి పెట్టండి, అంతే.

ఫోనుతో వచ్చే చిక్కు ఏంటంటే, చాలా ఫోన్లు సౌండు లెవెల్ తమంతట తామే పెంచుతూ దించుతూ ఉంటాయి. మాట్లాడే మనిషి ఆగినప్పుడల్లా ఫోను "ఏమీ వినపడటం లేదే" అనుకుని లెవెల్ పెంచేస్తుంది, దాంతో ఫ్యాను హోరు పైకి లేస్తుంది, మళ్ళీ మాట మొదలవగానే మొదటి ముక్క బద్దలైనట్టు వస్తుంది. గడగడా మాట్లాడే కుర్రాళ్ళ విషయంలో ఇది పెద్దగా తెలియదు, కానీ డెబ్భై ఏళ్ళ మనిషి గుర్తు చేసుకుంటూ, మధ్యలో చుట్ట వెలిగించుకుంటూ చెప్పే కథలో ఆ ఎత్తుపల్లాలు వినలేం. ఇంకోటి, కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోకండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఇంటర్వ్యూ రికార్డు చేసే మహానుభావులు కూడా ఉన్నారు, అది బాగా కుదించిన సౌండు, ఆ పని చేయకండి.

మీ ఫోనుకి గుండ్రటి ఇయర్‌ఫోన్ కన్నం లేకపోతే టైప్-సీ నుంచి మామూలు జాక్‌కి కన్వర్టర్ కావాలి. చవకవాటిలో కొన్నిటికి పాటలు వినడమే వస్తుంది, మైకు సిగ్నల్ లోపలికి రాదు. కొన్నాక చేయాల్సిన పరీక్ష: రికార్డింగ్ పెట్టి, కాలర్ మైకు మీద గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోను కింది అంచున గీకండి. ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ఆ మైకే పనిచేస్తున్నట్టు. బయటి మైకు పెట్టినా లోపలి మైకుతోనే రికార్డు చేసే యాప్‌లు ఉన్నాయి, కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిసారీ ఈ గీకుడు పరీక్ష చేయడం మంచిది.

కాలర్ మైకు, దాన్ని తగిలించే పని

తక్కువ డబ్బులో ఎక్కువ లాభం దీనిదే. మన దగ్గర అందరికీ తెలిసింది బోయా బీవై-ఎం1, మామూలుగా వెయ్యి రూపాయలకి అటూ ఇటూ దొరుకుతుంది, వైరు ఆరు మీటర్లు ఉంటుంది. దాని మధ్యలో చిన్న డబ్బా, అందులో ఎల్ఆర్44 అనే బటన్ సెల్లు, పక్కన స్విచ్చి ఉంటాయి. ఫోనుకి పెట్టినప్పుడు స్విచ్చి ఫోను వైపు, కెమెరాకో రికార్డరుకో పెట్టినప్పుడు కెమెరా వైపు. పని అయ్యాక మళ్ళీ ఫోను వైపుకి తిప్పకపోతే సెల్లు ఊరికే అయిపోతుంది, అందుకని ఒక స్పేర్ సెల్లు పర్సులో పడేసుకోండి.

పిన్ను చూసుకోవడం కూడా నేర్చుకోవాలి. పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది ఫోన్ల కోసం చేసింది, రెండు గీతలుంటే కెమెరాలు, రికార్డర్ల కోసం చేసింది. ఒకదానిది ఇంకోదానికి పెడితే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు ఒక పక్కే వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. వంద, రెండొందల్లో కన్వర్టర్ దొరుకుతుంది, కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

ఇక తగిలించడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాన్యువల్‌లో చొక్కా, కోటు వేసుకున్న మనిషి బొమ్మ ఉంటుంది, మన ఊరి అవ్వకి కాలరే ఉండదు. చీర పైట అంచుకి, గుండెల మధ్యకి వచ్చేచోట, చుబుకానికి జానెడు కింద క్లిప్పు పెట్టండి. నల్లపూసలు, గొలుసు ఆ దారిలో ఉంటే అవి ఊగినప్పుడల్లా మైకుకి టిక్ టిక్‌మని తగులుతాయి. అలాంటప్పుడు కొంచెం పక్కకి, భుజం వైపు జరపండి. గంజి పెట్టిన నూలు చీర కొత్తదైతే ఊపిరి తీసినా గరగర వస్తుంది, పొందూరు ఖద్దరు కట్టుకునే ఇళ్ళలో ఇది మామూలే. మైకుని గుడ్డ కింద దాచకుండా బయటికి పెడితే సగం గరగర పోతుంది. క్లిప్పు కింద వైరుని ఒక చుట్టు చుట్టి, మందుల షాపులో దొరికే మెడికల్ టేపు ముక్కతో గుడ్డకి అతికించండి, అప్పుడు వైరు లాగినా ఆ లాగుడు మైకు దాకా పోదు. మగవాళ్ళు ఒంటిమీద కండువా మాత్రమే వేసుకుని కూర్చుంటే అది జారుతూ ఉంటుంది, దానికి తగిలించి లాభం లేదు. మెడలో వదులుగా ఒక నూలు దారం కట్టి దానికి క్లిప్పు పెట్టండి. ఆడవాళ్ళకైతే మీరు చెయ్యి పెట్టకండి, ఎలా పెట్టుకోవాలో చూపించి వాళ్ళనే పెట్టుకోమనండి, లేదా మనవరాలినో కోడలినో పిలిచి పెట్టించండి. ఇది మర్యాద, పైగా ఆ పిల్ల పక్కన కూర్చుంటే అవ్వ ఇంకా బాగా మాట్లాడుతుంది.

కాలర్ మైకుతో ఇంకో మేలు ఉంది. చేతిలో ఫోమ్ తొడిగిన మైకు పట్టుకుని మొహం ముందు పెడితే మన ఊళ్ళో మనిషి వెంటనే నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "ఏటి బాబూ, ఇది టీవీలో ఎప్పుడొస్తాది?" అంటాడు. అక్కణ్ణుంచి వచ్చేదంతా టీవీ తెలుగే, "నాను ఎల్తన్నాను" అనే మనిషి కాస్తా "నేను వెళ్తున్నాను"లోకి దిగిపోతాడు. కాలర్ మైకునైతే కాసేపటికి మరిచిపోతారు. టెన్షన్ పోయాకే అసలు యాస బయటికొస్తుంది.

వైర్‌లెస్ సంగతి

ఐదారొందలకి దొరికే, ఫోను కింద గుచ్చుకునే బుల్లి వైర్‌లెస్ మైకులు ఇప్పుడు ప్రతి రీల్స్ కుర్రాడి దగ్గరా ఉన్నాయి. వాటిలో చప్పుడు తగ్గించే ఏర్పాటు చాలా మొరటుగా ఉంటుంది, ఫ్యానుతో పాటు మెల్లగా మాట్లాడే మనిషి మాటల చివర్లు కూడా కోసేస్తుంది. గట్టిగా అరిచి చెప్పేవాళ్ళకి పర్వాలేదు, పెద్దవాళ్ళ ఇంటర్వ్యూకి వద్దు.

మంచివి కావాలంటే రోడ్, డీజేఐ లాంటి కంపెనీలవి ఉన్నాయి, డబ్బు మాత్రం గట్టిగానే అవుతుంది. కొనేటప్పుడు ఒక్క విషయం చూడండి: ఒంటికి తగిలించే ముక్కలోనే రికార్డింగ్ జరుగుతుందా లేదా. రోడ్ వైర్‌లెస్ గో 2లో జరుగుతుంది, డీజేఐ మైక్ 2లో జరుగుతుంది, డీజేఐ మైక్ మినీలో జరగదు. ఇవన్నీ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, డబ్బా మీద రెండొందల మీటర్లు, నాలుగొందల మీటర్లు అని రాసి ఉన్నా అది అడ్డేమీ లేని మైదానంలో లెక్క. మనిషి వెనక్కి తిరిగితే ఒళ్ళే అడ్డం. పొలం గట్టు మీద నడుస్తూ చూపిస్తూ మాట్లాడే రైతుకి వైర్‌లెస్ తప్పదు, అప్పుడు మధ్యలో సిగ్నల్ తెగినా లోపల రికార్డయిన కాపీ మనల్ని కాపాడుతుంది. కూర్చుని మాట్లాడే పనికి వైరే హాయి. ఛార్జింగ్ గొడవ లేదు, సిగ్నల్ గొడవ లేదు.

చేతి మైకులు, పొడుగు మైకులు

సంతలో, జాతరలో, బస్టాండులో నిలబడి మాట్లాడించేవాళ్ళకి చేతి మైకు పనికొస్తుంది. డైనమిక్ రకం తీసుకోండి, దెబ్బలకి తట్టుకుంటుంది, దూరపు చప్పుడు పెద్దగా పట్టదు. షూర్ ఎస్ఎం58 అందరికీ తెలిసిందే, కానీ అది ముందువైపు నుంచి వచ్చేదే బాగా వింటుంది, కాబట్టి మీ వైపుకీ ఆయన వైపుకీ తిప్పుతూ ఉండాలి. విలేకరుల కోసం అన్ని వైపులా వినే చేతి మైకులు వేరే ఉన్నాయి, ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ50 లాంటివి, వాటికి ఆ తిప్పుడు అంతగా అక్కర్లేదు, చేతి రాపిడి కూడా తక్కువ వినిపిస్తుంది. పెళ్ళిళ్ళలో, సభల్లో కనిపించే అహూజా మైకు ఇంట్లో ఉంటే అదీ వాడొచ్చు. ఒక చిక్కు: డైనమిక్ మైకు సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, చిన్న రికార్డర్ బుల్లి జాక్‌లో గుచ్చి లెవెల్ అంతా పెంచితే సుయ్‌మని శబ్దం వస్తుంది. ఈ రకం మైకు వాడదామంటే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ కన్నాలున్న పెద్ద రికార్డర్ కావాలి.

షాట్‌గన్ మైకు, అంటే పొడుగ్గా కర్రలా ఉండేది, దాని మీద చాలామందికి భ్రమ ఉంది. దూరం నుంచి గొంతుని లాక్కొచ్చే మంత్రమేదీ దాని దగ్గర లేదు, పక్కలనుంచి వచ్చే చప్పుడు కొంత తగ్గిస్తుంది, అంతే. తోటలో, పొలంలో బాగుంటుంది. టైల్స్ హాల్లో గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వనిని కూడా పట్టుకుని గొంతుని డబ్బాలోంచి వస్తున్నట్టు చేస్తుంది.

ఇప్పుడు రికార్డర్

ఐదు వేల చుట్టుపక్కల బడ్జెట్ అయితే సోనీ ఐసీడీ-పీఎక్స్470 లాంటిది చూడండి. లోపల 4 జీబీ ఉంటుంది, కార్డు కన్నం ఉంది, రెండు సన్న సెల్లులతో నడుస్తుంది, యూఎస్‌బీ మూతి అందులోంచే బయటికి వస్తుంది కాబట్టి కేబుల్ వెతుక్కోనక్కర్లేదు, బయటి మైకుకి జాక్ ఉంది. విని రాసుకునే పనికి ఇది భేషుగ్గా సరిపోతుంది. ఆన్‌లైన్లో పేరూ ఊరూ లేని "64 జీబీ ప్రొఫెషనల్ వాయిస్ రికార్డర్", పెన్ను రికార్డర్, పెన్‌డ్రైవ్ రికార్డర్ అని వస్తుంటాయి, వాటి జోలికి వెళ్ళడం కన్నా మీ ఫోనే నయం.

రేడియోకో, పాడ్‌కాస్టుకో, డాక్యుమెంటరీకో వాడాలంటే పది వేల అటూ ఇటూ జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా తెలుసుకుని కొనండి. హెచ్1ఎన్ మీద మైకులు రెండూ ఒకదాన్నొకటి దాటేలా, ముందువైపుకి చూస్తూ ఉంటాయి, ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే అది బాగుంటుంది. లెవెల్ తిప్పడానికి పైన పెద్ద చక్రం ఉంటుంది, చీకట్లో కూడా వేలికి దొరుకుతుంది. డీఆర్-05ఎక్స్ మైకులు అన్ని వైపులా వింటాయి. రచ్చబండ దగ్గర నలుగురైదుగురు చుట్టూ కూర్చుని ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పేటప్పుడు మధ్యలో ఇది పెడితే అందరూ సమానంగా వస్తారు, పైగా లావు సెల్లులు వేసుకుంటుంది కాబట్టి ఎక్కువసేపు నడుస్తుంది. నా ఓటు మన ఊళ్ళ పనికి డీఆర్-05ఎక్స్‌కే, ఎందుకంటే ఒక్క మనిషితో మొదలైన ఇంటర్వ్యూ మన దగ్గర ఒక్క మనిషితో ముగియదు. పక్కింటాయన వచ్చి అరుగు మీద కూర్చుని "అలా కాదురా" అని మొదలుపెడతాడు, అసలు కథ చాలాసార్లు ఆయన దగ్గరే ఉంటుంది.

టాస్కామ్ డీఆర్-40ఎక్స్, జూమ్ హెచ్5 లాంటివి ఎక్స్ఎల్ఆర్ మైకులతో వారం వారం పని ఉన్నవాళ్ళకి. అప్పుడప్పుడు వాడేవాళ్ళకి బరువే గానీ లాభం లేదు.

పాట అందుకుంటే

తప్పెటగుళ్ళ కళాకారుడు, జముకుల కథ చెప్పేవాళ్ళు, వీళ్ళని మాట్లాడించేటప్పుడు లెవెల్ ఒక పెద్ద తలనొప్పి. మాటల్లో ఉన్నట్టుండి గొంతెత్తి పాట అందుకుంటారు, పక్కన ఉన్న తప్పెట గుండెల మీదికి వస్తుంది, దెబ్బ పడుతుంది. మామూలు రికార్డింగులో లెవెల్ చూపించే మీటరు సున్నా దాటితే పైభాగం తెగిపోతుంది, తెగింది తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా తిరిగిరాదు. అందుకే మామూలు మాటలకి మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగులుతూ ఉండేలా పెట్టుకోండి, ఆటో లెవెల్ ఆపేయండి, లిమిటర్ (సౌండు హద్దు దాటకుండా పట్టి ఉంచేది) ఉంటే వేయండి. కళాకారులైతే ఇంకా తగ్గించి మైనస్ 20 దగ్గర పెట్టండి, ముందే ఒక పల్లవి పాడమని అడిగి చూసుకోండి. సౌండుని ఇంకా సన్నంగా కొలిచి దాచే 24 బిట్ సెట్టింగ్‌లో రికార్డు చేస్తే తర్వాత సౌండు పెంచుకున్నా సుయ్‌మని పెద్దగా రాదు.

ఈ బాధ పూర్తిగా వద్దనుకుంటే 32 బిట్ ఫ్లోట్ అనే రకం ఉంది. 2024లో వచ్చిన జూమ్ హెచ్1 ఎసెన్షియల్‌లో అది ఉంది, లెవెల్ పెట్టే పనే లేదు, ఎంత గట్టిగా వచ్చినా తర్వాత కంప్యూటర్లో ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో దించుకోవచ్చు. లెవెల్ అంటే భయపడే కొత్తవాళ్ళకి దీన్నే సిఫార్సు చేస్తాను. అయితే మైకే తట్టుకోలేకపోతే ఏ బిట్టూ కాపాడదు. తప్పెటకి మూరెడు దూరంలో కాలర్ మైకు పెట్టి పగిలిపోయిందంటే తప్పు రికార్డరుది కాదు.

గాలి

కళింగపట్నం, బారువ, భావనపాడు, ఏ ఒడ్డునైనా సరే గాలి మైకుకి పెద్ద శత్రువు. డబ్బాలో ఇచ్చే నల్ల ఫోమ్ టోపీ "ప" అన్నప్పుడు వచ్చే ఊదుడుకి సరిపోతుంది, సముద్రపు గాలికి అది లెక్కే కాదు. బొచ్చు తొడుగు కావాలి, రికార్డర్ సైజుకి తగ్గది విడిగా కొనుక్కోండి. కాలర్ మైకుకి కూడా బఠాణీ గింజంత బొచ్చు తొడుగులు దొరుకుతాయి. మెనూలో "లో కట్" (Low Cut, అంటే అడుగు శబ్దాల్ని కోసేది) వేయండి, 80 హెర్ట్జ్ దగ్గర పెడితే గాలి గుబగుబ, ఫ్యాను హోరు కొంత తగ్గుతాయి, గొంతు పెద్దగా పాడవదు. ఎండెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, మనిషిని పడవ చాటున కూర్చోబెట్టండి, మీ వీపు గాలివైపు ఉండేలా చూసుకోండి. ఇంటికొచ్చాక సెల్లులు తీసేసి రికార్డర్ని పొడి గుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి సెల్లుల దగ్గరి రేకులు తొందరగా చిలుము పడతాయి.

ఇంట్లో చోటు ఎంచుకోవడం

పాత పెంకుటిల్లు మట్టిగోడలు, వాసాలు, సామాను నిండిన మూలలతో గొంతుని చక్కగా పట్టుకుంటుంది. స్లాబు ఇంట్లో ఖాళీ హాలు అన్నిటికన్నా అన్యాయం, అందులో కూర్చోబెట్టి మర్యాద చేయడం మనవాళ్ళకి అలవాటు. మెల్లగా "లోపలి గదిలో చల్లగా ఉందండీ" అని పరుపులు, బొంతలు, బట్టలున్న గదిలోకి మారండి. ధాన్యం బస్తాలు పేర్చిన గది దొరికితే వదలకండి, బస్తాల గోడ ప్రతిధ్వనిని మింగేస్తుంది, దాని ముందు స్టూడియో ఫోమ్ ఎందుకూ పనికిరాదు.

ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకండి, కానీ మే నెలలో గంటసేపు ఆపితే మనిషి మాట్లాడడు, విసుక్కుంటాడు. ఒకటో నంబరులో పెట్టి, సరిగ్గా కింద కాకుండా పక్కకి కూర్చోండి. ఫ్రిజ్జు ఉన్న గది వద్దు. ఫోను ఛార్జర్ పెట్టి రికార్డు చేస్తే చవక ఛార్జర్లలో గుంయ్‌మని వస్తుంది, పవర్ బ్యాంకు వాడండి. ఆమదాలవలస, పలాసల్లో పట్టాల దగ్గరి ఇళ్ళైతే హౌరా-చెన్నై లైను మీద రైళ్ళు ఆగవు, మీరే ఆగాలి: రైలు వస్తుంటే ప్రశ్న ఆపండి, పోయాక అడగండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు ఉంటుంది. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర, ఆ వారం టౌనులో ఇంటర్వ్యూ పెట్టుకోకండి, పెట్టుకుంటే సిరిమాను గురించే పెట్టుకోండి.

రికార్డర్ని చేత్తో పట్టుకోకండి, వేళ్ళ రాపిడి అంతా వినిపిస్తుంది. కింద చిన్న ట్రైపాడ్ కన్నం ఉంటుంది, వాడండి, లేకపోతే తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దానిమీద పెట్టండి. రేకు టేబులు, నులక మంచం పట్టె మీద నేరుగా పెట్టకూడదు.

పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతూ మాట్లాడే మనిషిని రికార్డు చేస్తే గాజులు, చేతి కదలిక, రాట్నం చప్పుడు అన్నీ మాటల మీద పడతాయి. రెండూ కలిపి ఒకేసారి పట్టాలని చూడకండి. ముందు చేతులు ఖాళీగా ఉంచుకుని మాట్లాడించండి, తర్వాత ఎవరూ మాట్లాడకుండా పని చప్పుడు రెండు నిమిషాలు దగ్గరగా, రికార్డర్ సొంత మైకులతో తీసుకోండి. ఆఖర్లో గదిలో ఊరికే అర నిమిషం కూడా తీసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులకి పనికొస్తుంది.

కార్డు, సెల్లులు, ఫైళ్ళు

పేరున్న కంపెనీ 32 జీబీ కార్డు చాలు, అంతకన్నా పెద్దది హెచ్1ఎన్ లాంటివి తీసుకోవు కూడా. సంతలో దొరికే నకిలీ కార్డులు డబ్బా మీద 128 జీబీ అని ఉంటాయి, లోపల కొంచెమే. కొనగానే నిండా ఫైళ్ళు కాపీ చేసి తిరిగి తెరిచి చూడండి. ఫార్మాట్ కంప్యూటర్లో కాకుండా రికార్డర్లోనే చేయండి.

లెక్క ఇలా ఉంటుంది: 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలు గంటకి 635 ఎంబీ, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అయితే గంటకి ఒక జీబీ పైచిలుకు, 128 కేబీపీఎస్ ఎంపీ3 (కుదించిన ఫైలు) అయితే గంటకి 58 ఎంబీ. రాసుకోవడానికి ఎంపీ3 చాలు. పాటలు, యాస, భాష దాచడానికైతే వేవ్‌లో 48, 24 పెట్టండి, ఆర్కైవ్‌లు అడిగేదీ అదే. సీతంపేట వైపు సవర అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ళని రికార్డు చేసేవాళ్ళు ఎంపీ3 జోలికే పోవద్దు, ఆ భాషలో గొంతు దగ్గర టక్కున ఆగే ధ్వనులు ఉన్నాయి, కుదింపులో మసకబారతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు అదే భాషని చెవితో విని, కలంతో రాసుకుని నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. మనం జేబులో రికార్డర్ పెట్టుకుని ఫ్యాను ఆపడానికి బద్ధకిస్తాం.

సెల్లులు రీఛార్జి అయ్యేవైతే మెనూలో ఆ రకం ఎంచుకోండి, లేకపోతే సెల్లు ఎంత మిగిలిందో తప్పు చూపిస్తుంది. ప్రతి అరగంటకో నలభై నిమిషాలకో టీ వచ్చినప్పుడు స్టాప్ నొక్కి మళ్ళీ మొదలుపెట్టండి, మధ్యలో సెల్లు చచ్చిపోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు, అప్పుడు పోయేది ఆ ముక్క మాత్రమే. చెవిలో వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే రికార్డు చేయండి, లెవెల్ మీటరు కదులుతోందంటే మాట వస్తోందని అర్థం కాదు, నల్లపూసల టిక్ టిక్‌కి కూడా అది కదులుతుంది.

పాత రికార్డర్ కొంటుంటే సెల్లుల గది మూత తీసి తెల్లటి చిలుము ఉందేమో చూడండి, జాక్‌లో మైకు పెట్టి పిన్ను అటూ ఇటూ కదిలిస్తూ వినండి, బరబరమంటే వదిలేయండి. అమ్మేవాడు "బాగానే ఉంది సార్, ఛార్జింగ్ లేదు" అంటే మీ సెల్లులు మీరు తీసుకెళ్ళాల్సింది.

రికార్డింగ్ మొదట్లోనే ఊరు, తేదీ, మనిషి పేరు మీ గొంతుతో చెప్పి, "ఇది రికార్డు చేసుకోమంటారా, ఎవరికైనా వినిపించమంటారా" అని అడిగి ఆ జవాబు కూడా అందులోనే ఉంచండి. ఇంటికి రాగానే ఫైలు పేరులో తేదీ, ఊరు పెట్టి రెండు చోట్ల కాపీ చేయండి, ఆ తర్వాతే కార్డు తుడవండి. ఆ ఇంటివాళ్ళకి ఎంపీ3 కాపీ పంపండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పెడితే గంట ఫైలు కూడా వెళ్తుంది, అవ్వ ఫోనుకి కాకపోయినా మనవడి ఫోనుకి.